హోమ్‌లో పెరిగే టీనేజ్ పిల్లలకి మనోధైర్యం: క్లాస్ పెట్టించే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది మొత్తం చదివాను. వరంగల్ వైపు ఒక బాయ్స్ హోమ్‌కి, అంటే ఇంట్లో పెరిగే వీల్లేని మగపిల్లల్ని చూసుకునే చోటికి మీరు, మీ ఆఫీస్ ఫ్రెండ్స్ ఆదివారాలు వెళ్తున్నారు, అక్కడ 14 నుంచి 17 ఏళ్ల పిల్లలున్నారు, వాళ్ళలో ఒకబ్బాయి అసలు నోరు విప్పడు, ఇంకొకడు చిన్న మాటకే అన్నం ప్లేటు విసిరేస్తాడు, పదో తరగతి పిల్లలు ఎందుకో ఆశ వదిలేసినట్టు కనిపిస్తున్నారు, అందుకని రెండు రోజుల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాస్ పెట్టించి ఒక మోటివేషన్ స్పీకర్‌ని పిలుద్దామనుకుంటున్నారు, ఏ టాపిక్స్ ఉండాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లు ఇలాంటి హోమ్‌లలో కౌన్సెలర్‌గా చేశాను, ఇప్పుడు కొత్తగా చేరే స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తుంటాను. సూటిగా చెప్తా, ఆ డబ్బు స్పీకర్‌కి పెట్టకండి. మీలో కనీసం ఒక ఏడాది మానకుండా రాగలిగేది ఎవరో ముందు అది తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత.

ఎందుకంటే ఈ పిల్లల జీవితంలో మంచి మాటలకి కొరత లేదు. వారానికి ఒకరు వచ్చి "మీరు గొప్పవాళ్ళు కావాలి" అని చెప్పి వెళ్తూనే ఉంటారు. కొరత ఉన్నది మళ్ళీ వచ్చే మనిషికి. హవాయి దీవుల్లో కవాయ్ అనే చిన్న దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్ట్, ఆమె టీమ్ కలిసి వాళ్ళకి నలభై ఏళ్లు వచ్చేదాకా గమనించారు. పేదరికం, తాగే తండ్రి, మానసిక జబ్బున్న తల్లి, ఇలాంటి కష్టాలు ఒకటికి నాలుగు కలిసిన ఇళ్లలో పుట్టిన పిల్లల్లో కూడా దాదాపు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళలో పదేపదే కనిపించింది ఏంటంటే, చిన్నప్పటి నుంచి కనీసం ఒక్క పెద్ద మనిషైనా వాళ్ళని వదలకుండా పట్టించుకోవడం. అమ్మమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు, పక్కింటావిడ కావచ్చు, తల్లిదండ్రులే అయి ఉండక్కర్లేదు. ఇంకో విషయం ఉంది, అది మన టీనేజ్ పిల్లల విషయంలో నాకు చాలా ధైర్యాన్నిస్తుంది: టీనేజ్‌లో గాడి తప్పారనుకున్న పిల్లల్లో కూడా చాలామంది ముప్పైల్లోకి వచ్చేసరికి కుదురుకున్నారు, మళ్ళీ చదువుకునే అవకాశం, మంచి తోడు, నిలకడైన పని లాంటివి దొరికినప్పుడు. అంటే పదిహేనేళ్లకి ఒక పిల్లాడి మీద తీర్పు రాసేయకూడదు అన్నమాట.

ముందు ఒక అపోహ తీసేయాలి. "అనాథాశ్రమం" అంటే అందరికీ అమ్మానాన్న చనిపోయారని బయటివాళ్ళు అనుకుంటారు. చాలా హోమ్‌లలో ఎక్కువ మంది పిల్లలకి ఎవరో ఒకరు బతికే ఉంటారు. నాన్న చనిపోయి అమ్మ కూలికి ఊళ్లు తిరుగుతుంటుంది, అమ్మ ఇంకో పెళ్లి చేసుకుంటే ఆయన ఈ పిల్లాడిని ఒప్పుకోడు, లేదా తాతమ్మ ఉంటుంది కానీ ఆమెనే ఎవరో చూసుకోవాలి. పోయినవాళ్ళ కోసం ఏడవడం ఒక బాధ, అది ఏదో ఒక రోజుకి కొంచెం తగ్గుతుంది. ఉండి కూడా రాని మనిషి కోసం ఎదురుచూడడం అలా తగ్గదు, ప్రతి పండక్కీ మళ్ళీ మొదలవుతుంది. దసరా సెలవులకి హోమ్ సగం ఖాళీ అవుతుంది కదా, ఆ పది పన్నెండు రోజులు ఉండిపోయిన పిల్లల దగ్గర మీరు ఒక్కసారి గడిపితే నేను చెప్పేది మీకే అర్థమవుతుంది. నా మాట వింటే మీ టీమ్ ఏడాదిలో ఎప్పుడైనా ఒక ఆదివారం తప్పినా పర్లేదు కానీ దసరా సెలవులు, సంక్రాంతి మాత్రం మానకండి.

ఇప్పుడు ప్లేటు విసిరే అబ్బాయి సంగతి. వాడిది కొవ్వు అని స్టాఫ్ అంటున్నారని రాశారు. దయచేసి వార్డెన్‌తో మాట్లాడి ఒక నెల పాటు ఒక నోట్‌బుక్‌లో తేదీలు రాయించండి, గొడవ ఏ రోజు జరిగింది, దానికి ముందు రోజు ఏం జరిగింది అని. నేను చూసిన హోమ్‌లలో ఇలా రాసినప్పుడల్లా ఒక వరస కనిపించింది. ఫోన్ రోజు ఇంటి నుంచి ఫోన్ రాలేదు, లేదా వచ్చి రెండు నిమిషాల్లో పెట్టేశారు, లేదా వస్తానన్న బాబాయ్ రాలేదు, ఇక ఆ రాత్రో మర్నాడో కూరలో ఉప్పు ఎక్కువైందని గొడవ మొదలు. గొడవ ఉప్పు గురించి కాదని ఆ పిల్లాడికి కూడా తెలియదు. చిన్నప్పుడు దెబ్బలు, ఆకలి, రాత్రిళ్లు అరుపులు చూసిన పిల్లల శరీరం ఎప్పుడూ ప్రమాదం కోసం కాచుకుని ఉంటుంది, గొంతు కాస్త పెరిగితే చాలు ఆలోచన రాకముందే చెయ్యి లేస్తుంది. పైగా కోపాన్ని అదుపు చేసే మెదడు భాగం ఎవరికైనా ఇరవై దాటాకే పూర్తిగా తయారవుతుంది, బాగా పెరిగిన పిల్లలకి కూడా.

ఆ టైంలో చేయాల్సింది ముందు మిగతా పిల్లల్ని అక్కడి నుంచి పంపించడం, ఎందుకంటే పదిమంది చూస్తుంటే పదహారేళ్ల మగపిల్లాడు వెనక్కి తగ్గలేడు. మీరు గొంతు తగ్గించండి, కొంచెం దూరంగా, పక్కకి నిలబడండి, ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూస్తూ "ఎందుకు చేశావ్" అని అడగకండి. నీళ్లివ్వండి, బయటికి నడవనివ్వండి. గంట తర్వాతో మర్నాడో మామూలుగా "నిన్న ఫోన్ కోసం చూశావు కదా" అని ఒక్క మాట అనండి, చాలు. ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు, లేకపోతే లేదు, కానీ మీకు తెలిసిందని వాడికి తెలుస్తుంది. విరిగిన ప్లేటు ముక్కలు ఎత్తడం, కింద తుడవడం వాడే చేయాలి, అందులో తప్పులేదు, మీరు పక్కనుండి సాయం చేయండి. కానీ శిక్షగా అన్నం ఆపడం, ఫోన్ ఆపడం మాత్రం ఒప్పుకోకండి, ఏ బాధ వల్ల కోపం వచ్చిందో దాన్నే ఇంకాస్త పెంచినట్టవుతుంది. కొట్టడం గురించైతే చర్చే లేదు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే ఇలాంటి పిల్లల రక్షణ కోసం ఉన్న చట్టం, దాని 82వ సెక్షన్ ప్రకారం హోమ్‌లో పిల్లల్ని క్రమశిక్షణ పేరుతో కొట్టడం నేరం, మొదటిసారి పదివేల జరిమానా, మళ్ళీ చేస్తే మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

మాట్లాడని అబ్బాయిని కూర్చోబెట్టి మాట్లాడించకండి. నిజంగా చెప్తున్నా, వాడికి మనసు విప్పి చెప్పడం వల్ల ఇంతవరకు ఏ లాభమూ జరిగి ఉండదు. పోలీసులకి చెప్పాడు, సీడబ్ల్యూసీ, అంటే బాలల సంక్షేమ కమిటీ ముందు చెప్పాడు, పాత హోమ్‌లో చెప్పాడు, ప్రతిసారీ ఎవరో రాసుకున్నారు, ఫైల్ మూసేశారు, వాడిని ఇంకో చోటికి మార్చారు. వాడితో ఏదైనా పని చేయండి. సైకిల్ చైన్ వేయడం, ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పడం, కూరగాయలు తరగడం, క్యారమ్స్, ఏదైనా సరే చేతులు పనిలో ఉండి మొహాలు ఎదురెదురుగా లేకుండా ఉండేది. మగపిల్లలు ఎక్కువగా అలాంటప్పుడే మాట్లాడతారు, అదీ వెళ్లిపోయే ముందు గేటు దగ్గర ఒక్క వాక్యం. ఆ వాక్యం విన్నాక పది ప్రశ్నలు వేయకండి, "సరే రా, వచ్చే ఆదివారం వస్తా" అనండి, వచ్చే ఆదివారం రండి. రాలేకపోతే హోమ్‌కి ఫోన్ చేసి వాడికే స్వయంగా చెప్పండి. "అన్నకి పని పడిందంట" అని వార్డెన్ నోటి నుంచి వినడం వేరు, మీరే చెప్పడం వేరు. ఉద్యోగం మారి ఊరు వదలాల్సి వస్తే కనీసం రెండు నెలల ముందు చెప్పండి, చివరి రోజు ఎప్పుడో చెప్పండి, ఫోటో ఇవ్వండి, చెప్పకుండా మాయమైపోవద్దు. ఈ పిల్లలకి మనుషులు చెప్పకుండా వెళ్లిపోవడం బాగా అలవాటు, చెప్పి వెళ్లిన ఒక్క మనిషి కూడా వాళ్ళకి ఒక కొత్త అనుభవమే.

ఇంకోటి, నాకు చాలా కడుపు మండే విషయం. డోనర్లు. భోజనం పెట్టేవాళ్ళ మనసు మంచిదే, నేను కాదనను, హోమ్‌లు చాలావరకు వాళ్ళ మీదే నడుస్తాయి. కానీ పుట్టినరోజు అని కేక్ తెచ్చి, వాళ్ళ బాబు కట్ చేస్తుంటే పిల్లలందర్నీ చుట్టూ నిలబెట్టి పాట పాడించి, ప్లేట్లో స్వీట్ వేస్తూ ఫోటో, చెయ్యి చాపిన పిల్లాడి మొహం కనపడేలా ఫోటో, ఆ తర్వాత అది వాట్సాప్ స్టేటస్. ఆరేళ్ల పిల్లలకి కేక్ దొరికింది అన్న సంతోషం ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లాడికి అది తన స్కూల్లో అమ్మాయి చూస్తుందేమో అన్న భయం. మైక్ పట్టుకుని "మీకెవరూ లేరని బాధపడకండి" అనే ఒక్క మాటకి టీనేజ్ పిల్లలు ఎంత కుంగిపోతారో నేను చూశాను, కొందరు ఆ రోజంతా బాత్రూమ్ వైపు నుంచి రారు. చట్టం కూడా ఊరుకోదు, రక్షణ అవసరమున్న పిల్లల పేరు, ఫోటో, స్కూల్ వివరాలు మీడియాలో బయటపెట్టకూడదని అదే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది, దాన్ని మీరితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీరు ఆఫీస్ వాళ్ళు కాబట్టి ఇక్కడ మీరు చేయగలిగింది ఉంది. మీ కంపెనీ నుంచి వచ్చేవాళ్ళకి ముందే చెప్పండి, ఫోటోలు లేవు, స్పీచ్ లేదు, పిల్లలతో పాటు అదే బంతిలో కూర్చుని తినాలి. ఆ కేక్ డబ్బుల్లో కొంత పక్కన పెట్టి పెద్ద పిల్లల్ని బజారుకి తీసుకెళ్లి వాళ్ళ షర్ట్ వాళ్ళనే ఎంచుకోనివ్వండి. పదేళ్లుగా ఎవరో ఇచ్చిన సైజు, ఎవరో ఇచ్చిన రంగు వేసుకున్న పిల్లాడు షాపులో అరగంట తటపటాయిస్తాడు, విసుక్కోకండి, ఆ అరగంటే మీరు వాడికిచ్చే శిక్షణ.

ఎందుకంటే హోమ్‌లో పెరిగిన పిల్లలకి బాగా తగ్గిపోయేది తన జీవితంలో ఏదైనా తన చేతిలో ఉంది అనే నమ్మకం. బెల్ కొడితే లేవాలి, బెల్ కొడితే తినాలి, ఏ గదిలో పడుకోవాలో ఏ స్కూల్లో చదవాలో వేరేవాళ్ళు చెప్తారు. కవాయ్ పిల్లల్లో కూడా నిలదొక్కుకున్నవాళ్ళకి చిన్నప్పుడు ఇంట్లో నిజంగా అవసరమైన బాధ్యత ఏదో ఒకటి ఉండేదని తేలింది, తమ్ముళ్ళని చూసుకోవడమో, ఇంటి పనో. మన రూల్స్‌లో దీనికి దారి ఉంది. ఆ చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్ ప్రకారం ప్రతి హోమ్‌లో 6 నుంచి 10, 11 నుంచి 15, 16 నుంచి 18 ఏళ్ల పిల్లలకి వేర్వేరుగా బాలల కమిటీలు ఉండాలి. చాలాచోట్ల రిజిస్టర్‌లో సంతకాలే ఉంటాయి. మీ హోమ్‌లో అది నిజంగా నడిచేలా సూపరింటెండెంట్‌ని ఒప్పించండి, వారం మెనూ వాళ్ళు వేయనివ్వండి, స్పోర్ట్స్ సామాన్లకి ఎంతో కొంత డబ్బు వాళ్ళ చేతికిచ్చి లెక్క రాయమనండి. ఒకసారి నష్టపోతారు, ఒకసారి మోసపోతారు, పర్లేదు, పక్కన మనం ఉన్నప్పుడే మోసపోవడం మేలు.

పిల్లాడి సొంత కథ గురించి కూడా చెప్పాలి. చాలామందికి తాము ఏ ఊర్లో పుట్టారో, హోమ్‌కి ఎందుకు వచ్చారో సరిగ్గా తెలియదు, పుట్టినతేదీ కూడా స్కూల్లో వేసిన జూన్ తేదీ. తెలియని చోట పిల్లలు తమనే తప్పుపట్టుకుంటారు, "నేను అల్లరి చేశాననే అమ్మ వదిలేసింది" అని పదహారేళ్ల వాడు కూడా నమ్ముతాడు. ఈ పని మీరు సొంతంగా మొదలుపెట్టకండి, హోమ్ కౌన్సెలర్ చేయాలి, ఫైల్లో ఏముందో చూసి వయసుకి తగ్గట్టు నిజం చెప్పాలి, అబద్ధం వద్దు, అమ్మని తిట్టడమూ వద్దు. మీరు చేయగలిగింది ఒక మంచి నోట్‌బుక్ కొనివ్వడం, ఫ్రెండ్స్ ఫోటోలు ప్రింట్ తీసివ్వడం, వాడి గెలుపులు వాడి చేతే రాయించడం. ఆ పుస్తకం పెట్టుకోవడానికి తాళం ఉన్న ట్రంకు పెట్టె ప్రతి పిల్లాడికీ ఉందో లేదో చూడండి, లేకపోతే మీ మొదటి ఖర్చు అదే.

పదో తరగతి పిల్లలు ఆశ వదిలేశారన్నారు కదా. నాకు తెలిసి అది చదువు మీద విసుగు కాదు, అది పద్దెనిమిదేళ్ల భయం. పదహారు రాగానే మొదలవుతుంది, 18 దాటాక ఎక్కడికి వెళ్లాలి, ఎవరి ఇంట్లో పడుకోవాలి అని. అది ఎవరూ వాళ్ళతో మాట్లాడరు, మాట్లాడితే బాధపడతారని. మాట్లాడకపోతేనే ఎక్కువ బాధపడతారు. చట్టంలో ఆఫ్టర్ కేర్ అని ఉంది, 18 దాటి హోమ్ వదిలినవాళ్ళకి 21 దాకా సాయం, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా పొడిగించొచ్చు, మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద దానికి నెలకి 4000 రూపాయలు ఇచ్చే వీలుంది. అడగకపోతే రాదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్, అంటే డీసీపీయూ దగ్గరికి హోమ్ వాళ్ళతో కలిసి వెళ్లి ఒక్కో పిల్లాడి పేరు మీద ప్లాన్ అడగండి, ఇండివిడ్యువల్ కేర్ ప్లాన్ అని ప్రతి పిల్లాడికీ ఉండాలి, అందులో 18 తర్వాత ఏంటి అన్న పేజీ ఖాళీగా ఉందేమో చూడమనండి. ఆధార్, బ్యాంక్ అకౌంట్, స్టడీ సర్టిఫికెట్లు పదిహేనేళ్లప్పుడే మొదలుపెట్టాలి. కుల ధ్రువీకరణ దగ్గర చాలామంది ఆగిపోతారు. తెలంగాణ, ఆంధ్ర రెండు చోట్లా పదేళ్ల లోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ఎవరూ లేక ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న హోమ్‌లో చేరిన పిల్లలు బీసీ-ఏ కిందకి వస్తారు. ఇది తెలియక ఎంతమంది పాలిటెక్నిక్ సీటు, స్కాలర్‌షిప్ వదులుకున్నారో తలుచుకుంటే బాధేస్తుంది. ఎమ్మార్వో ఆఫీస్ చుట్టూ తిరగడానికి ఒక పెద్ద మనిషి తోడుంటే చాలా తేడా, మీ టీమ్‌లో ఓపికున్న వాళ్ళని దానికి పెట్టండి.

స్పీకర్ కావాలనే ఉంటే అదే హోమ్ నుంచి బయటికి వెళ్లిన పాత పిల్లల్ని పిలవండి. ఎలక్ట్రీషియన్ చేస్తున్నవాడు, నర్సింగ్ చేస్తున్నవాడు, మొదటి నెల రూమ్ దొరక్క బస్టాండ్‌లో పడుకుని ఇప్పుడు సొంతంగా అద్దె కట్టుకుంటున్నవాడు. స్టేజీ వద్దు, కింద కూర్చోబెట్టండి, రూమ్ అడ్వాన్స్ ఎంత, వంట ఎలా, ఓనర్ "మీ నాన్న ఏం చేస్తారు" అని అడిగితే ఏం చెప్పావ్, అన్నీ పిల్లలే అడుగుతారు. అలాంటి ఒక సాయంత్రానికి దారి ఖర్చులు తప్ప ఏమీ కావు.

కొన్ని విషయాలు మాత్రం మీ స్నేహంతో తీరేవి కావు, అవి గుర్తుపట్టాలి. చేతుల మీద కోతలు, వారాల తరబడి నిద్ర లేకపోవడం, చచ్చిపోతా అన్న మాట, ఉన్నట్టుండి తన వస్తువులు పంచిపెట్టేయడం. అప్పుడు "ధైర్యంగా ఉండు" అనకండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. వెంటనే సూపరింటెండెంట్‌కి చెప్పండి, ఒంటరిగా వదలకండి, జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. లైంగిక వేధింపుల గురించి ఏ పిల్లాడు చెప్పినా, మగపిల్లాడైనా సరే, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు రిపోర్ట్ చేసి తీరాలి. "నిన్ను కాపాడగలిగేవాళ్ళకి మాత్రమే చెప్తా, ఎవరికి చెప్తున్నానో నీకు ముందే చెప్తా" అనండి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. హోమ్ స్టాఫ్ మీదే ఆరోపణ అయితే హోమ్‌కి చెప్పకుండా నేరుగా చేయండి.

ఇంకొక్కటి అడగండి, ఈ పిల్లల్లో ఇంటికి వెళ్లగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 తర్వాత అనాథ శరణాలయాల్లోని 136 మంది పసిపిల్లల మీద చేసిన పరిశోధనలో, కుటుంబాల్లోకి పంపిన పిల్లలు హోమ్‌లో ఉండిపోయినవాళ్ళ కన్నా బాగా కోలుకున్నారు, ఎంత చిన్నప్పుడు పంపితే అంత బాగా. మన చట్టం కూడా హోమ్‌ని చివరి దారిగానే చూస్తుంది. తల్లి ఒక్కతే ఉండి డబ్బు లేకే పిల్లాడిని హోమ్‌లో పెట్టి ఉంటే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకి 4000, ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఇంట్లో క్షేమమా కాదా అన్నది డీసీపీయూ, సీడబ్ల్యూసీ చూసి తేలుస్తాయి, అది మీరు తేల్చేది కాదు, కానీ ప్రశ్న వేయడం మీ పని. మీ మాట్లాడని అబ్బాయికి అమ్మ ఎక్కడో ఉందని రాశారు, మొదట వాడి ఫైల్ గురించే అడగండి, ఆమె ఎందుకు రావడం లేదో ఎవరైనా ఆ ఊరెళ్లి కనుక్కున్నారా అని. బస్సు చార్జీ లేక రానివాళ్ళు కూడా ఉంటారు, అలాంటప్పుడు మీ స్పీకర్ బడ్జెట్‌తో ఆమెని ఏడాది పాటు నెలనెలా రప్పించొచ్చు.